పెన్‌డ్రైవ్ పీకిన రోజు: ఆపరేటింగ్ సిస్టం సంగతులు

అక్కలారా, చెల్లెళ్ళారా! ఈసారి గోడ పత్రికలో "వీడియో ఎలా తీయాలి?" అనే వ్యాసం రాస్తానని నేను పేరిచ్చిన మాట నిజమే. కానీ అది రాయడం లేదు. ఎందుకు మనసు మారిందో చెప్పడానికే ఈ నాలుగు కాగితాలు సరిపోయేట్టున్నాయి.

నాకు వీడియోల పిచ్చి ఉందని మీకు తెలుసు. సెలవులకు ఇంటికి పోతే మా అన్న ఫోను నా చేతిలోనే ఉంటుంది. దండారిలో గుస్సాడీ వాళ్ళు నెమలి ఈకల టోపీ పెట్టుకునేది, మా అమ్మ పత్తి ఏరేది, వాగు పొంగేది, అన్నీ తీశాను. మెమరీ కార్డు కంపాసు బాక్సులో పెట్టుకుని హాస్టలుకు తెచ్చి, మన ల్యాబులో ముక్కలు కోసి అతికించేదాన్ని. పంద్రాగస్టు నాడు మీరు తెర మీద చూసింది అట్లా చేసిందే.

నిరుడు దీపావళి సెలవుల్లో మా తాత కిక్రి వాయిస్తూ చెప్పిన కథ తీశాను. మేం పర్ధాన్లం. గోండుల వంశ కథలు కిక్రి మీద పాడి చెప్పడం మా పెద్దల పని. తాత ఎప్పుడూ ఒక్క కూర్పున పూర్తిగా పాడడు, మధ్యలో బీడీ కోసం లేస్తాడు. ఆ రాత్రి మాత్రం లేవలేదు. 55 నిమిషాలు ఆపకుండా పాడాడు. నేనూ ఫోను కదలకుండా మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాను.

తీసి చూస్తే ఒక్క వీడియో కాదు, రెండు ఫైళ్ళు! మొదటిది 31 నిమిషాలు, రెండోది 24. నేను మధ్యలో ఎక్కడా ఆపలేదు. మరి ఎవరు కోశారు? అన్నను అడిగితే "ఫోన్ల గట్లనే అయితది" అన్నాడు. "గట్లనే అయితది" అన్న మాట నాకు నచ్చలేదు. నా చదువు వీడియోల నుంచి ఇటువైపు తిరిగింది ఆ మాట దగ్గరే.

సెలవులు అయిపోయి వచ్చాక ల్యాబుకు పోతే, నేను వాడే కంప్యూటర్ లేవలేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, అంతే. హార్డ్ డిస్క్ పోయిందన్నారు. మన ఫిజిక్స్ మేడం తన సంచిలోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి గుచ్చి, కంప్యూటర్ ఆన్ చేస్తూ ఒక మీట నొక్కింది. రెండు నిమిషాల్లో తెర వెలిగింది, మౌస్ కదిలింది, కిటికీలు తెరుచుకున్నాయి. హార్డ్ డిస్క్ లేకుండానే! "మేడం, ఇది ఎట్ల నడుస్తుంది?" అంటే, "కంప్యూటర్ వేరు, దాన్ని నడిపించేది వేరు. నడిపించేది ఈ పెన్‌డ్రైవ్‌లో ఉంది. దీని పేరు లినక్స్" అంది.

నేను అప్పటిదాకా కంప్యూటర్ అంటే తెర మీద కనిపించే నీలం బొమ్మే అనుకున్నాను. అది విండోస్ అనే ఒక ఆపరేటింగ్ సిస్టం మాత్రమేనట. దాన్ని తీసి ఇంకోటి పెట్టవచ్చట. కరెంటు ఇవ్వగానే బోర్డు మీద ఒక చిన్న చిప్పులో ఉన్న ప్రోగ్రాం మేలుకుని, కీబోర్డు ఉందా, మెమరీ ఉందా అని హాజరు తీసుకుంటుంది. తర్వాత ఆపరేటింగ్ సిస్టం ఏ డిస్కులో ఉందో వెతికి, దాన్ని మెమరీలోకి ఎక్కించి, తాళాలు అప్పజెప్పి పక్కకు తప్పుకుంటుంది. మేడం నొక్కిన మీట "హార్డ్ డిస్క్ వద్దు, పెన్‌డ్రైవ్‌లో వెతుకు" అని చెప్పే మీట.

మరి తాళాలు అందుకున్నాక ఆపరేటింగ్ సిస్టం చేసేదేమిటి? మన హాస్టలునే చూడండి. (వార్డెన్ మేడం కోప్పడకూడదని ముందే మనవి.) నల్లాలు ఆరు, బకెట్లు రెండు వందలు. వంటగది ఒకటి. సామాను గది ఒకటి, దానికో రిజిస్టరు. వార్డెన్ మేడం అన్నం వండదు, పాఠం చెప్పదు, మన బట్టలు ఉతకదు. కానీ ఆమె ఒక్క రోజు సెలవు పెడితే నల్లా దగ్గర కొట్లాటే. ఆపరేటింగ్ సిస్టం కూడా అంతే. అది వీడియో కోయదు, బొమ్మ గీయదు. ఆ పనులు చేసే ప్రోగ్రాంలకు నల్లా దగ్గర వంతు ఇస్తుంది, పడుకోవడానికి చోటు చూపిస్తుంది, సామాను రిజిస్టరులో రాస్తుంది, ఒకరి పెట్టె ఇంకొకరు తెరవకుండా కాపలా కాస్తుంది. దాని నడిమి గుజ్జును కెర్నల్ అంటారు. కెర్నల్ అంటే గింజ.

వంతు సంగతి నాకు మస్తు నచ్చింది. ప్రాసెసర్‌లో ఒక్క కోర్ ఒక్క క్షణంలో ఒక్క పనే చేస్తుంది. అయినా పాట వినిపిస్తూనే ఉంటుంది, మౌస్ కదులుతూనే ఉంటుంది, వెనకాల వీడియో తయారవుతూనే ఉంటుంది. ఎట్లా? లోపల ఒక గడియారం సెకనుకు 100 నుంచి 1000 సార్లు గంట కొడుతుంది. గంట కొట్టినప్పుడల్లా కెర్నల్ లేచి "నీ బకెట్ చాలు, పక్కకు జరుగు, తర్వాతి వాళ్ళు రండి" అంటుంది. జరిగిన పని ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుని, మళ్ళీ వంతు వచ్చినప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టిస్తుంది. అంత వేగంగా తిప్పుతుంది కాబట్టి అన్నీ ఒకేసారి నడుస్తున్నట్టు మన కళ్ళకు కనిపిస్తుంది. వీడియో కూడా అట్లాంటిదే కదా! సెకనుకు 30 బొమ్మలు మార్చి కదలిక అనిపిస్తాం. ఇన్నాళ్ళూ నేను తీసిన మాయ, నేను వాడిన యంత్రం లోపలా ఉందని తెలిసి ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

లినక్స్ పుట్టింది కూడా ఈ వంతుల ఆటతోనే. ఫిన్లాండ్ దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి ఉండేవాడు. వాళ్ళ అమ్మ తండ్రి లెక్కల్లో పండితుడు. ఆయన కొన్న చిన్న కంప్యూటర్ దగ్గర, తాత ఒడిలో కూర్చుని, పదేళ్ళు దాటిన వయసులోనే లినస్ ప్రోగ్రాంలు టైపు చేయడం నేర్చుకున్నాడు. 1991 జనవరిలో, 21 ఏళ్ళప్పుడు, సొంతంగా 386 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ కొనుక్కున్నాడు. దాని లోపలి గుట్టు తెలుసుకుందామని రెండు పనులు తయారు చేశాడు. ఒకటి తెర మీద ఎ అక్షరం రాస్తూ పోతుంది, రెండోది బి అక్షరం రాస్తుంది. గడియారం గంట కొట్టినప్పుడల్లా వంతు మారాలి. తెర మీద కొన్ని ఎ లు, తర్వాత కొన్ని బి లు, మళ్ళీ ఎ లు! చూసేవాళ్ళకు అందులో ఏమీ లేదు. ఆయనకు మాత్రం అది పండుగ. ఆ ముక్కనే పెంచుకుంటూ పోయి, ఆగస్టు 25న "ఊరికే సరదాకు ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నాను" అనే అర్థంలో కంప్యూటర్ మిత్రులకు తెలియజేశాడు. సెప్టెంబరులో మొదటి రూపం విడుదలైంది. సుమారు 10,000 వరుసలు. ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు. అందుకే లోకమంతా చేయి వేసింది. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపలి కెర్నల్ అదే. అంటే మా అన్న ఫోను, మేడం పెన్‌డ్రైవ్, రెండింటి గింజా ఒకటే.

ఇప్పుడు వీడియో ఎందుకు రెండు ముక్కలైందో చెబుతాను. మెమరీ కార్డును సామాను గది అనుకోండి. గది నిండా ఒకే కొలత గల అరలు. ముందర రిజిస్టరు. ఫలానా పేరు గల ఫైలు ఫలానా అర నుంచి మొదలవుతుంది, దాని బరువు ఇంత అని అందులో రాసి ఉంటుంది. 32 జీబీ కార్డుల్లో ఈ రిజిస్టరు పద్ధతి పేరు ఫ్యాట్32. 1996 నాటిది. అందులో బరువు రాసే చోట 32 గళ్ళే ఉన్నాయి. ఒక్కో గడిలో సున్నా గానీ ఒకటి గానీ పడుతుంది. 2ను 32 సార్లు హెచ్చించి ఒకటి తీసేస్తే 4,29,49,67,295. అంతకు మించి బరువు ఆ గళ్ళలో పట్టదు. అదే 4 జీబీ. మా అన్న ఫోనులో నిమిషం వీడియో సుమారు 130 ఎంబీ. భాగించి చూడండి, 31 నిమిషాల చిల్లర. లెక్క సరిగ్గా అక్కడికే వచ్చి ఆగింది. మా తాత పాటను కోసింది ఎవరో కాదు, 32 గళ్ళు!

ఇక అసలు సంగతి. మేడం పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ లేచిన సంతోషంలో, నా కార్డులోని రెండు ఫైళ్ళను హాస్టల్ పెన్‌డ్రైవ్‌లోకి మార్చాను. కాపీ కాదు, కట్. కార్డులో చోటు మిగులుతుందని. గీత నిండింది. అప్పుడే అన్నం గంట కొట్టారు. ఆ రోజు గుడ్డు ఉంది. పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకుని, కంప్యూటర్ ఆపి పరుగెత్తాను.

మర్నాడు తెరిస్తే మొదటి ఫైలు ఆడింది. రెండోది ఆడలేదు. పేరు ఉంది, పాట లేదు.

ఎందుకంటే, పెన్‌డ్రైవ్ చాలా నిదానం. ప్రతిసారీ దాని కోసం ఆగితే మిగతా పనులు ఆగిపోతాయి కాబట్టి, కెర్నల్ సామాను ముందు వరండాలో దించుకుంటుంది. వరండా అంటే మెమరీ, ర్యామ్. "దిగింది, నువ్వు పో" అని మనతో చెప్పి, తీరిగ్గా ఒక్కొక్క మూటే లోపలికి మోస్తుంది. గీత నిండిందంటే సామాను వరండాలోకి చేరిందని అర్థం, గదిలోకి చేరిందని కాదు. నేను పీకేటప్పటికి తాత పాటలో చివరి మూటలు ఇంకా వరండాలోనే ఉన్నాయి. కంప్యూటర్ ఆపగానే వరండా ఖాళీ అయిపోయింది. కరెంటు లేకుంటే ర్యామ్‌లో ఏదీ మిగలదు కదా. రెండు మూడు నిమిషాలు ఆగి ఉంటే చాలు. లేదా పెన్‌డ్రైవ్ బొమ్మ మీద నొక్కి "ఎజెక్ట్" అన్నా చాలు. వరండాలో ఉన్నదంతా లోపలికి మోసే వరకు పెన్‌డ్రైవ్‌ను విడిచిపెట్టవద్దని కెర్నల్‌కు చెప్పే మాటే అది. నేను అన్నేళ్ళు దాన్ని ఊరికే పెట్టిన మర్యాద అనుకున్నాను.

"కార్డులోంచి పోయింది కదా" అని ఏడుస్తుంటే మేడం "పోలేదు" అంది. ఫైలును తీసేస్తే అరల్లో సామాను తీయరట! రిజిస్టరులో పేరు మొదటి అక్షరం మీద ఒక గుర్తు కొట్టి, ఆ అరలు ఖాళీ అని రాస్తారంతే. కొత్తవాళ్ళు వచ్చి ఆ అరలో పెట్టె పెట్టేదాకా పాత సామాను అట్లాగే ఉంటుంది. రిజిస్టరును చూడకుండా ఒక్కొక్క అరా తెరిచి, వీడియో తల గుర్తు ఎక్కడ ఉందో వెతికి పట్టుకునే ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ కార్డు నా దగ్గర లేదు. ఆ ఆదివారం మమ్మల్ని చూడటానికి వచ్చిన అన్నకు ఇచ్చి పంపేశాను. అది తిరిగి నా చేతికి వచ్చేసరికి మూడు వారాలు. ఆలోగా మా చిన్నాయన కొడుకు పెళ్ళి అయింది.

గంటకు పైగా వెతికింది ఫోటోరెక్. నిరుడు నేనే తీసేసిన మేకపిల్ల వీడియో దొరికింది. వాగు దొరికింది. తాత దొరకలేదు. తాత ఉన్న అరల్లో పెళ్ళి బరాత్ కూర్చుంది. అన్న మీద కోపం రాలేదు. "కార్డుల ఏం రికార్డు చెయ్యకు" అని నేను చెప్పి పంపలేదు. చెప్పేంత తెలియదు అప్పటికి.

మిగిలింది పెన్‌డ్రైవ్‌లో ఆడని ఫైలు. దాని చాలా భాగం గదిలోకి చేరే ఉంది, అయినా ఒక్క నిమిషం కూడా ఆడదెందుకు? ఎంపీ4 వీడియోకు పుస్తకానికి ఉన్నట్టే విషయసూచిక ఉంటుంది. ఏ బొమ్మ ఎక్కడుంది, ఏ శబ్దం ఎక్కడుంది అని. కానీ మనం ఎంతసేపు తీస్తామో ఫోనుకు ముందు తెలియదు. అందుకని ఆపు మీట నొక్కాకే సూచిక రాసి, ఫైలు చివర అంటిస్తుంది. నేను పోగొట్టింది ఆ చివరే. పేజీలు ఉన్నాయి, సూచిక లేదు. దీనికీ ఒక మందు ఉంది. అన్‌ట్రంక్ అనే ప్రోగ్రాంకు అదే ఫోనుతో తీసిన మంచి వీడియో ఒకటి చూపిస్తే, ఆ పోలికతో చెడిన దానికి కొత్త సూచిక కడుతుంది. మంచి వీడియో మన దగ్గర ఉంది కదా, మొదటి ముక్క! మేడం, నేను రెండు ఆదివారాలు కూర్చున్నాం. 24 నిమిషాల్లో 15 వచ్చాయి. తాత గొంతు వినిపించగానే మేడం కుర్చీ నాకు ఇచ్చి బయటికి పోయింది.

చివరి తొమ్మిది నిమిషాలు రాలేదు. అవి ఎక్కడా లేవు.

లినస్ గురించి ఇంకో సంగతి ఇక్కడ చెప్పాలి. తన లినక్స్ ఇంకా సగంలో ఉండగా, ఆయన విశ్వవిద్యాలయం కంప్యూటర్‌కు మోడెంతో ఫోను కలపబోయి, పొరపాటున ఆ ఆజ్ఞను మోడెంకు బదులు తన హార్డ్ డిస్కుకే పంపాడట. అప్పటిదాకా వాడుతున్న మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పాడైంది. మినిక్స్ అంటే పాఠం చెప్పడానికి టానెన్‌బామ్ అనే ఆచార్యుడు 1987లో రాసినది. దాన్ని మళ్ళీ పెట్టుకోకుండా, తన లినక్స్‌నే దాని కాళ్ళ మీద నిలబెట్టాలని లినస్ అప్పుడు నిశ్చయించుకున్నాడు. ఇది చదివినప్పుడు కొంచెం నవ్వొచ్చింది. అంతటివాడికీ అట్లా జరిగిందా అని. తర్వాత మనసులో అనుకున్నాను, ఆయన పోగొట్టుకున్నది మళ్ళీ కొనగలిగింది.

ఇప్పుడు దొరికిన రెండు ముక్కలకు గోండి అక్షరాల్లో పేరు పెట్టాను. గుంజాలలో దొరికిన పాత చేతిరాతల లిపి మీలో కొందరికి వచ్చు. కంప్యూటర్‌కు అక్షరం అంటే ఒక అంకె. లోకంలోని లిపులకు అంకెలు పంచే యూనికోడ్ మన తెలుగుకు 1991లో మొదటి కూర్పులోనే అంకెలు ఇచ్చింది. గుంజాల గోండి లిపికి 2018 జూన్‌లో ఇచ్చింది. అంకె ఉన్నా, దానికి బొమ్మ చూపే ఫాంటు లేకుంటే ఆపరేటింగ్ సిస్టం ఖాళీ డబ్బాలు చూపిస్తుంది. మన ల్యాబులో మొదట డబ్బాలే వచ్చాయి. నోటో అనే ఉచిత ఫాంట్ల వరుసలో ఈ లిపికీ ఫాంటు ఉంది. మేడం ఎక్కించగానే డబ్బాల చోట అక్షరాలు నిలబడ్డాయి. మూడు నంబరు కంప్యూటర్‌లో చూడండి.

వీడియోలు తీయడం మానలేదు. కానీ ఇప్పుడు గీత నిండినా లేవను. పాడైన హార్డ్ డిస్క్ మార్చాక ఆ కంప్యూటర్‌లో లినక్స్ నేనే ఎక్కించాను. మూడుసార్లు తప్పాను, నాలుగోసారి లేచింది. కెర్నల్ వంతులు ఎట్లా ఇస్తుందో తెర మీద చూపే ఆజ్ఞలు కొన్ని నేర్చుకున్నాను. ఆదివారం రెండు గంటలు ల్యాబు తాళం ఇప్పిస్తే కావలసిన వాళ్ళకు చూపిస్తానని వార్డెన్ మేడంకు మనవి. ఎజెక్ట్ నొక్కకుండా ఎవరూ పెన్‌డ్రైవ్ పీకరని పూచీ నాది.

ఇంకొక్క మాట. సంక్రాంతి తర్వాత తాతకు పక్షవాతం వచ్చింది. ఎడమ చేయి లేవదు, కిక్రి తీగల మీద వేళ్ళు ఆడవు, మాట కూడా సరిగా రాదు. చివర ఏమైందని అడిగితే కళ్ళు మూసుకుని లయ మాత్రం కుడి చేత్తో మంచం పట్టె మీద కొడతాడు. ఆ కథ చివర నాకు గానీ, మా బాపుకు గానీ పూర్తిగా రాదు. జైనూర్, నార్నూర్, సిర్పూర్ వైపు అక్కచెల్లెళ్ళారా, దసరాకు ఇళ్ళకు పోతారు కదా. మీ ఊళ్ళో కిక్రి వాయించే పెద్దవాళ్ళుంటే, నన్ను అడిగి కథ ఎక్కడ ఆగిందో రాసుకుని పోండి. నేను ఆ చివరి వరసను గోండిలో, తెలుగులో కాగితం మీద రాసి పెట్టాను. మూడో డార్మిటరీలో కిటికీ పక్క మంచం నాది.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని